పదహారణాల నీరా

కొమరోలు చుట్టుపక్కల కాటమరాజు నాలుకకు ఉన్నంత పేరు కాటమరాజుకు లేదు. మనిషి మామూలు గొర్రెల కాపరి. ముప్పై గొర్రెలు, పది మేకలు, వాన పడితే పండే రెండెకరాల చేను, ఎవరన్నా పొగిడితే ఇట్టే కరిగిపోయే బుద్ధి. కానీ కల్లు దుకాణాలు నడిచిన రోజుల్లో అతను ముంత దించి మాట చెప్పేదాకా పక్కవాళ్ళు రెండో గుక్క మింగేవారు కాదు.

అతని పద్ధతి అతనిది. పరగడుపున వచ్చేవాడు. ముందురోజు సాయంత్రం నుంచే బీడీ మానేసేవాడు. కుండ భుజం ఎత్తుకు లేపి ముంతలోకి పోయించుకునేవాడు. నురగ బొటనవేలంత మందాన, పాల మీద మీగడలా ముద్దగా నిలవాలి. దాన్ని మెల్లగా ఊదేవాడు. విడిపోయిన నురగ మళ్ళీ వచ్చి కలుసుకుంటే ఆ కల్లుకు ప్రాణం ఉన్నట్టు లెక్క. అప్పుడొక గుక్క పుక్కిట పట్టి, కళ్ళు మూసుకుని, అణాల్లో మార్కులు వేసేవాడు.

"పన్నెండణాలు. చెట్టు మంచిదే, కుండ సరిగ్గా కడగలా."

"పద్నాలుగణాలు. వాగొడ్డు చెట్టు ఇది."

పదహారణాలు మాత్రం ఏ కుండకూ ఇచ్చి ఎరగడు. ఎందుకని అడిగితే, "ఇచ్చేస్తే ఇంక రేపటికి ఆశేముంటాది" అనేవాడు.

తర్వాత మద్యనిషేధం వచ్చి దుకాణాలు మూతబడ్డాయి. చాటుమాటుగా కాచేవాళ్ళు కాచారు, తాగేవాళ్ళు తాగారు. పోలీసులంటే వణుకు కాబట్టి కాటమరాజు అటు తొంగిచూడలేదు. నోరు ఊరుకోక ఒకనాడు భార్య శ్రీశైలమ్మ పోసిన మజ్జిగకు పదణాలు ఇచ్చి, మిగతా మజ్జిగ నెత్తిన పోయించుకున్నాడు.

కర్నూలు రాజధాని అయిన రెండో ఏడు చలికాలంలో ఆ నాలుకకు మళ్ళీ పిలుపొచ్చింది. ఈతచెట్లు గీసి బతికినవాళ్ళకు ఆదరువుగా వాగు దగ్గర నీరా సొసైటీ ఒకటి పెట్టారు. నీరా అంటే తెల్లవారకముందే చెట్టు నుంచి దించిన తీపి రసం. కుండ లోపల సున్నం పూస్తే అది పులియదు. పులిస్తే అదే కల్లు, కల్లయితే నేరం. సొసైటీ సెక్రటరీ ఉమామహేశ్వర్లు కిరాణా దుకాణదారుల ఇంటి బిడ్డ, కల్లు వాసన తగిలితే కండువా ముక్కుకు అడ్డం పెట్టుకునే మనిషి. తీపో పులుపో తేల్చడానికి ఆయనకు ఇంకొకరి నోరు కావలసి వచ్చింది.

"నువ్వు చెప్పిందే ఖాయం. బాగుండేది సీసాల్లోకి పోతాది, పులిసింది పారబోస్తాము. ఒకే మనిషి కుండ నెలలో ఐదుసార్లు పులిసిందంటే చెట్టు గీసే పర్మిట్టు తీసేస్తాము. గుర్తు పెట్టుకో, కాటమరాజూ" అన్నాడు ఉమామహేశ్వర్లు.

కాటమరాజు గుర్తు పెట్టుకున్నాడు. ఆ మాట తనకు తెలియదని తర్వాత అతను తనకు తాను కూడా చెప్పుకోలేకపోయాడు.

మొదట్లో ఎవరిదో ఒక కుండ నిజంగానే పులిసింది. "మట్టిలో ఎందుకు పోసేది సామీ, మా మేకల కుడితిలో కలుపుతా" అన్నాడు. పారబోయడం ఇష్టంలేని సెక్రటరీ సరేనన్నాడు. దారిలో ఒక గుక్క తాగి చూశాడు కాటమరాజు. ఏళ్ళ తరబడి ఎండిపోయిన గొంతులో అది దిగుతుంటే కళ్ళవెంట నీళ్ళొచ్చాయి. మేకలకు చుక్క మిగల్లేదు.

ఆ తర్వాత పది రోజులు ఒక్క కుండా పులియలేదు. పదకొండో రోజు యల్లయ్య కుండ వంతు వచ్చింది. యల్లయ్యలా చెట్టు గీసే చెయ్యి ఆ చుట్టుపక్కల ఇంకెవరికీ లేదు. రసం రుచి చూడగానే, ఇది నురగ కడితే ఎట్లుంటుందోనన్న ఆలోచన కాటమరాజును పట్టేసింది.

"పులిసింది" అన్నాడు.

ఇంటికి తెచ్చి, అడుగున పాత కల్లు మడ్డి పట్టిన కుండలో పోసి, మేకల దొడ్లో గంప కింద దాచాడు. మధ్యాహ్నానికి మీగడలాంటి నురగ పొంగింది. మంచి కుండ కాబట్టే దానికి ఆ గతి పట్టింది.

అట్లా నాలుగుసార్లు జరిగింది. యల్లయ్య ఒక్కనాడూ ఎదురు చెప్పలేదు. కాటమరాజు నాలుక తప్పు చెబుతుందని అనుకోవడం అతనికి చేతకాదు. తన చేతినే అనుమానించుకున్నాడు. కుండలు మూడుసార్లు తోమాడు, పొగబెట్టాడు, రోజూ కొత్త సున్నం పూయించాడు.

"నిన్న బావికాడ శేషమ్మను చూసినా" అంది శ్రీశైలమ్మ ఒకనాడు కూడు పెడుతూ. శేషమ్మ యల్లయ్య భార్య. "కుండలకు సున్నం రుద్ది రుద్ది వేళ్ళన్నీ పుండ్లు పడినాయి. ముద్ద కలుపుకోలేకపోతాంది. నీకేమన్నా తెలుసునా?"

కాటమరాజు కంచం పక్కకు జరిపాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి. రేపు యల్లయ్య కుండ ఎట్లున్నా తీపనే చెప్పాలని ఒట్టు పెట్టుకున్నాడు.

తెల్లవారింది. యల్లయ్య కుండ వచ్చింది. గుక్క నోట్లో పోసుకున్నాడు. అంత తియ్యటి నీరా అతను ఆ ఏడాది తాగలేదు. మధ్యాహ్నానికి దాని మీద లేచే నురగ కళ్ళముందు కదిలింది. ఒట్టు ఎటు పోయిందో పోయింది.

"పులిసింది" అంది నోరు.

ఉమామహేశ్వర్లు అక్కడికక్కడే పర్మిట్టు కాగితం వెనక్కి అడిగాడు. యల్లయ్య మడత విప్పకుండా ఇచ్చేసి, కత్తి నడుముకు దోపుకుని వెళ్ళిపోయాడు.

ఆ పొద్దు కుండ ఇంటికి తెచ్చి గంప కింద పెట్టాడే గానీ కాటమరాజు దాన్ని ముట్టలేకపోయాడు. అరుగు మీద కూలబడ్డాడు. మధ్యాహ్నం యల్లయ్య ఒక ముంతతో వచ్చాడు.

"మామా, మేము నంద్యాల పక్క రైలుకట్ట పనికి పోతుండాము. ఇది ఇంటికని తీసిపెట్టుకున్నాది. అదే చెట్టు, అదే కుండలోది. తప్పు యాడ జరిగిందో చెప్పు. తెలుసుకోని పోతే మనసుకు నిమ్మళంగా ఉంటాది."

కాటమరాజు తాగాడు. ముంత దించాడు.

"పదహారణాలు" అన్నాడు. "పొద్దున్నదీ ఇంతే. అన్నీ ఇంతే. తప్పు నాది, యల్లయ్యా."

యల్లయ్య అతని భుజం మీద చెయ్యి వేశాడు. "పెద్దోనివైతివి కదా మామా. నాలుక మొద్దుబారింటాది. దానికి నువ్వేం చేస్తావు."

నిజం చెప్పడానికి అంతకంటే మంచి అదను దొరకదు. కాటమరాజు నోరు తెరిచాడు.

"అవును యల్లయ్యా, వయసయిపోయినాది" అన్నాడు.

ఆ మాట అన్నందుకు తన మీద తనకే అసహ్యం వేసింది. అయినా లోపల ఎక్కడో, గండం గడిచిందన్న నెమ్మది కూడా కలిగింది. ఆ నెమ్మదికి ఇంకా సిగ్గుపడ్డాడు.

"మిగిలింది మేకలకు పోసిపోతాలే. నా నీరా వాటికి అలవాటే కదా" అంటూ యల్లయ్య దొడ్లోకి నడిచాడు. అందులో ఎత్తిపొడుపేమీ లేదు. ఆపాలని లేచిన కాటమరాజు మళ్ళీ అరుగు మీదే కూర్చున్నాడు.

కుడితి తొట్టి దగ్గర యల్లయ్య ఆగాడు. చిన్నప్పటి నుంచి ఎరిగిన వాసన అది. గంప ఎత్తాడు. పాత కుండ మూతి నిండా బొటనవేలంత నురగ. వంగి మెల్లగా ఊదాడు. నురగ విడిపోయి, మళ్ళీ వచ్చి కలుసుకుంది.

గంప ఎట్లా ఉన్నది అట్లా బోర్లించి, తన ముంత తను తీసుకుని అరుగు దాకా వచ్చాడు.

"పద్నాలుగణాలన్నా ఉంటాది మామా" అన్నాడు.

కాటమరాజు తల ఎత్తే లోపల అతను వీధి మలుపు తిరిగిపోయాడు.