ఊరి అల్లుడికి అడ్డం పడ్డ డిఫెండర్

ఆ రోజుల్లో ఈడొచ్చిన కుర్రాడన్నాక ఎవరో ఒకరి మీద పిచ్చి ఉండాలి. నా స్నేహితులకి సినిమా హీరోల పిచ్చి. నేను మాత్రం తెల్లవారుజామునే లేచి ఫోన్‌లో దక్షిణ అమెరికా ఫుట్‌బాల్ చూసేవాణ్ణి (ఆ దేశాల వాళ్లకి వేళాపాళా లేదని మా అమ్మ నమ్మకం). అదీ గోల్స్ కొట్టేవాళ్ల కోసం కాదు, ఒక డిఫెండర్ కోసం. నోరు తిరగని పేరు కావడంతో మేం ఆయన్ని గోడమావ అనేవాళ్లం. ఏళ్ల తరబడి ఎదుటివాళ్ల దారికి అడ్డం పడి, మోకాళ్లు అరిగిపోయాక మేనేజరయ్యాడు. కోటు వేసుకుని గీత పక్కన నిలబడి చేతులూపుతూ అరిచేవాడు. ఒక జట్టు తీసేస్తే ఇంకో జట్టు పిలిచేది. బతికితే అలా బతకాలనిపించేది నాకు.

నేనూ చీపురుపల్లిలో మా జట్టుకి డిఫెండర్నే. మోకాళ్లు అరగకుండానే ఇరవై రెండేళ్లకి మేనేజరైపోయాను. (నా స్థానంలో నాకంటే బాగా ఆడేవాడు దొరికాడు, అంతకంటే కారణం లేదు.) అక్క పెళ్లికి కుట్టించిన కోటు వేసుకుని మండుటెండలో గీత పక్కన నిలబడేవాణ్ణి. బజారులో కిరాణా కొట్టున్న నాన్న కొన్నాళ్లు ఓర్చుకుని, ఒకరోజు తేల్చేశారు. "ఒరే, నౌపడోల్ల మీద నెగ్గితే నీ ఆట నువ్వాడుకో. ఓడిపోతే సోమారం నుంచి కొట్లో కూకో. మరేటీ సెప్పకు." బెల్లం తూచడం నామోషీ అని కాదు గానీ, బెల్లం తూచే మేనేజరు ప్రపంచ ఫుట్‌బాల్‌లో ఎక్కడా నాకు కనబడలేదు.

చిక్కంతా ఎక్కడొచ్చిందంటే, నౌపడ జట్టుకి గోల్స్ కొట్టేవాడు మా బావ. అక్కకి పెళ్లయి మూడు నెలలు. మా వైపు అల్లుడంటే ఒక ఇంటికే అల్లుడు కాడు, ఊళ్లో కుర్రాళ్లందరికీ బావే. వేళాకోళం ఆడొచ్చు, చెప్పులు దాచొచ్చు, కింద మాత్రం పడేయకూడదు. ఈ ఇబ్బంది గోడమావకి ఎప్పుడూ వచ్చినట్టు లేదు. ఆట ముందు నా వాళ్లని కూర్చోబెట్టి, "గీత లోపల సుట్టరికాల్లేవు. బావైనా ఎవుడైనా ఆపీయండి" అన్నాను. మా వెనకవరసలో అందరికంటే భారీగా ఉండే బండోడు చెయ్యెత్తాడు.

"మరి పడిపోతే ఎవులు లేపాల అన్నా?"

"ఎవులూ లేపకూడదు."

"పెద్దమ్మ సూస్తాది కదేటి!"

పెద్దమ్మంటే మా అమ్మ. గొడుగేసుకుని, అల్లుడి కోసం మంచినీళ్ల చెంబు ఒళ్లో పెట్టుకుని గీత పక్కనే కూర్చుంది.

ఆట మొదలైంది. బావ బంతితో వస్తుంటే బండోడు పక్కకి తప్పుకుని, పెళ్లిపందిట్లోకి పిలిచినట్టు దారి చూపించాడు. ఇంకొకడు ఎలాగో బంతి లాక్కున్నాడు గానీ బావ "ఏటి బామ్మర్దీ!" అనగానే సిగ్గుపడి తిరిగిచ్చేశాడు. బండోడి భుజం బావకి రాసుకున్నప్పుడల్లా "ఓలమ్మో, బాబుకి తగిలీసినాది!" అంటూ అమ్మ చెంబుతో మైదానంలోకి వచ్చేసేది. ఈల వేయడానికొచ్చిన డ్రిల్లు మాస్టారు రెండుసార్లు ఆవిణ్ణి బయటికి పంపారు. మూడోసారి ఆయనా నీళ్లు తాగారు. ఇంత జరిగినా ఆట రెండు రెండు మీద నిలిచింది. ఎందుకంటే వాళ్ల డిఫెండర్లలో మాకు చుట్టాలెవరూ లేరు.

ఇంక నిమిషమో రెండు నిమిషాలో ఉన్నాయి. బండోణ్ణి బయటికి పిలిచి, కోటు విప్పి, కొట్టు కట్టేసి ఆట చూడ్డానికొచ్చిన నాన్న చేతికిచ్చి నేనే దిగాను. బావ దూసుకొచ్చాడు. గోడమావని తలుచుకుని జారాను. బంతి నా కాలికి అంటుకుంది, బావ దుమ్ములో బోర్లా పడ్డాడు. తప్పుగా పడేయలేదు, ఈల కూడా వినబడలేదు. ఆ ఒక్క క్షణం నా అంతవాడు లేడు. అప్పుడు వినబడింది.

"ఓలమ్మో, బాబు పడిపోనాడు! ఒరే సచ్చినోడా, లేపరా!"

నేను ఆలోచించలేదు. బంతి వదిలేసి చెయ్యందించాను. "దెబ్బ తగిలిందా బావా?" అటుపక్క ఇంకో చెయ్యి పట్టుకుని ఎవరో లేపుతున్నారు, చూస్తే గోల్ వదిలేసి వచ్చిన మా గోల్‌కీపరు. బావ మా ఇద్దరి చేతులూ పట్టుకుని సగం లేచి, ఎడమకాలితో బంతిని మెల్లగా గోల్‌లోకి తోశాడు. "మా బాబు ఏసీసినాడు!" అని ముందుగా చప్పట్లు కొట్టింది అమ్మే. నాన్న నా కోటు శుభ్రంగా మడతపెట్టి చంకలో పెట్టుకున్నారు. "సోమారం బేగి లేగు" అన్నారు, అంతే.

సాయంత్రం మా ఇంట్లో నాటుకోడి కూర తిని బావ రైలుకి బయల్దేరాడు. సంచి మోయడం బామ్మర్ది విధి కదా, మోశాను. స్టేషన్లో ఉండబట్టలేక, "నాను లేపుతుంటే గోలెలాగ ఏసీసినావు బావా?" అని అడిగాను. బావ నా భుజం మీద చెయ్యేశాడు. "గోలెయ్యడానికే వొచ్చినాను. మరి నువ్వు ఆపడానికి కదేటి వొచ్చినావు? ఎందుకు లేపినావు?"

నాకు ఏడుపొచ్చింది. ఇన్నేళ్లయినా కొట్లో బెల్లం తూస్తూ ఆ మాటే తలుచుకుంటాను. జట్టుని కాపాడవలసిన ఒకే ఒక్క క్షణంలో అవతలివాడికి చెయ్యందించిన ఆ ఇరవై రెండేళ్ల మేనేజరుకి ఉద్యోగం ఊడడమే న్యాయం, అందులో అనుమానం లేదు. అయినా సరే, వాడంటే నాకిష్టం.