బొట్టు కింద ఎర్ర లైటు

మా వ్యానులో ఇంజిన్ బొమ్మ ఉన్న పసుపు లైటు కొన్న రోజు నుంచీ వెలుగుతూనే ఉంది. రాజమండ్రిలో మెకానిక్‌కి మూడుసార్లు చూపించాను. "అది సెన్సర్ గొడవండి మేడమ్, అలాగే ఉంటుంది, మీరు నడిపేయండి" అన్నాడు. నేనూ దాన్ని చూడ్డం మానేశాను. ఒక లైటుని వదిలేస్తే మిగతావాటి మీద కూడా చూపు ఆనదని అప్పటికి నాకు తెలియదు.

అది పాత డీజిల్ వ్యాను. వెనక మంచం, చిన్న పొయ్యి, ఇన్వర్టర్, దానికో పెద్ద బ్యాటరీ పెట్టించాను. స్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనదానికి ఇల్లంత బండి ఎందుకని చుట్టాలు నవ్వారు. మా అమ్మకి ఊపిరితిత్తులు పాడయ్యాయి, ఆక్సిజన్ మిషన్ ఆగకూడదు. అది కరెంటుతో నడుస్తుంది కాబట్టి అమ్మ ఇల్లు కదలడం లేదు. మొగల్తూరులో ఉన్న తన చెల్లెల్ని చూసి రెండేళ్లయింది. బండి నడుస్తున్నంతసేపూ బ్యాటరీ నిండుతుంది, మిషన్ ఆగదు. లెక్కల టీచర్ని కదా, లెక్క సరిగ్గానే వేశాను.

బయల్దేరేముందు బండికి పూజ చేశాం. నాన్న పోయినప్పటి నుంచి అమ్మ ఏ శుభకార్యంలోనూ ముందుకి రాదు. "నా చెయ్యెందుకే, నువ్వు పెట్టు" అంటూ వెనక్కి జరిగింది. నాకు ఒళ్లు మండింది. "బండి నీకోసం కొన్నాను. నువ్వు బొట్టు పెట్టకపోతే తాళం తిప్పను" అని కుంకుమ భరిణె చేతిలో పెట్టాను. అమ్మ వణికే చేత్తో స్టీరింగుకి పెట్టింది. తర్వాత దాని వెనకున్న మీటర్ల అద్దం మీద గంధం రాసి, రూపాయి బిళ్లంత బొట్టు పెట్టింది. అది సరిగ్గా కింది వరస లైట్ల మీద పడింది. తుడుద్దామని చెయ్యి చాపి మళ్లీ వెనక్కి తీసుకున్నాను. పదకొండేళ్ల తర్వాత అమ్మ పెట్టిన బొట్టు అది, ఎలా తుడుస్తాను?

పాలకొల్లు దాటాక బొట్టు అంచు ఎర్రగా మెరవడం మొదలైంది. ఎండ పడి అనుకున్నాను. పైగా ముచ్చటేసింది కూడా.

నరసాపురం దాటి కొంతదూరం వెళ్లామో లేదో, వెనక మిషన్ కుయ్యోమని అరిచింది. బ్యాటరీ అయిపోయిందని దాని అరుపు. బండి నడుస్తుంటే ఎలా అయిపోతుంది? అంతలో బానెట్ కింద ఏదో తెగి కొట్టుకున్న చప్పుడు వచ్చింది. వేడి చూపించే ముల్లు పైకి లేస్తోంది. పక్కకి తీసి ఆపాను. అప్పుడు గోటితో గంధం గీకితే కింద బ్యాటరీ బొమ్మ ఎర్రగా వెలుగుతూ కనిపించింది. బ్యాటరీని నింపే బెల్టు ముందే వదులై, చార్జింగ్ ఆగిపోయి ఎంతసేపైందో. అది చెప్పాల్సినప్పుడే చెప్పింది, నేనే ముచ్చటపడుతూ కూర్చున్నాను.

అవసరానికని వెంట తెచ్చిన చిన్న ఆక్సిజన్ సిలిండర్ అమ్మకి తగిలించాను. అది అరగంట వస్తుంది. నరసాపురం మెకానిక్‌కి ఫోన్ చేస్తే "గంటలో వస్తానండి" అన్నాడు. అరగంటకీ గంటకీ తేడా మా ఆరో క్లాసు పిల్లలైనా చెప్పగలరు.

రోడ్డుకి రెండువైపులా రొయ్యల చెరువులే. నీళ్లని చిలికే ఏరేటర్లు తిరుగుతున్నాయి. అవి తిరుగుతున్నాయంటే అక్కడ కరెంటు ఉన్నట్టే. గట్టు మీద షెడ్డు వైపు పరిగెత్తాను. కాపలా ఉన్న పెద్దాయనకి రొప్పుతూనే సంగతి చెప్పాను. ఒక్క ప్రశ్న వెయ్యలేదాయన. వైరు చుట్ట భుజాన వేసుకుని, "ఆక్సిజన్ ఆగితే రొయ్యలు ఎంతసేపు బతుకుతాయో మాకు తెలుసండి, పదండి" అన్నాడు.

వైరు బండి దాకా రావడానికి నాలుగు గజాలు తక్కువైంది. ఆయన వెనక్కి వెళ్లి, ఒక ఏరేటర్ ఆపి, దాని వైరు ఊడదీసి తెచ్చి ముడేశాడు. సిలిండర్ ముల్లు ఎర్రగీత మీదికొచ్చింది. అమ్మ పెదాల రంగు నాకు నచ్చలేదు. మిషన్ ఒకసారి దగ్గి, ఆగి, తర్వాత గురగుర మొదలెట్టింది. నేను మెట్టు మీద కూలబడి ఏడ్చేశాను.

అమ్మ కాస్త తేరుకోగానే అన్న మొదటి మాట, "మీ రొయ్యలకి ఇబ్బందేమో నాయనా."

"పగలు నీళ్లలో ఆక్సిజన్ బాగానే ఉంటుంది కదమ్మగారూ, కాసేపటికి ఏం కాదు. కంగారుపడకండి" అన్నాడాయన.

మెకానిక్ వచ్చి కొత్త బెల్టు వేశాడు. అంతసేపూ అమ్మ మీటర్ల అద్దం వైపే చూస్తోంది. నేను గీకిన గంధం, చెదిరిన కుంకుమ చూసి ఆవిడకి అంతా అర్థమైపోయింది.

"అందుకేనే వద్దన్నాను. నా చెయ్యి మంచిది కాదు."

"నీ చేతికేం? తెగింది బెల్టు. లైటు మీద బొట్టుందని చూసి కూడా తుడవని మొద్దుని నేను" అని గట్టిగా అరిచాను. మెకానిక్ తల తిప్పుకున్నాడు.

తడిగుడ్డతో అద్దం శుభ్రంగా తుడిచాను. ఇంజిన్ స్టార్ట్ చేస్తే ఎర్ర లైటు వెలిగి ఆరిపోయింది. పసుపుది మామూలే. కుంకుమ భరిణె తీసుకెళ్లి మంచం మీద అమ్మ ముందు పెట్టాను.

"లైట్ల మీద కాదు. ఎక్కడైనా సరే, నువ్వే పెట్టాలి."

అమ్మ కుంకుమ వేలికి అద్దుకుని, ఎక్కడ పెట్టాలో తెలియక చుట్టూ చూసింది. చేతికి అందేంత దగ్గర్లో ఉన్నది నేనొక్కదాన్నే. వంగి నుదురు చూపించాను. ఈసారి అమ్మ చెయ్యి వణకలేదు.