ఏడో నంబరు సంచి

ఒకే నెలలో మా బావ ఇంటి వంటగది కుళాయి మూడుసార్లు పాడైంది. మొదటిసారి దానంతట అదే పాడైంది. మిగతా రెండుసార్ల గురించే ఈ గొడవంతా.

బావ అంటే మా అక్క మొగుడు. ముప్ఫై ఏళ్లుగా కళ్లద్దాల దుకాణంలో పని. ఎదుటివాడి చూపు ఎంత తగ్గిందో ఇట్టే చెప్పేస్తాడు గానీ, తన చూపు మాత్రం ఎప్పుడూ జనం వీపుల మీదే. సైనికులు వీపున తగిలించుకునే కాన్వాసు సంచులంటే ఆయనకు ప్రాణం. అలాంటివి పదిహేను, రెండో పడకగదిలో కోటు హ్యాంగర్లకు వరసగా వేలాడుతుంటాయి. చుట్టాలెవరైనా ఆ గదిలో పడుకుంటే ఓ పటాలం పక్కన పడుకున్నట్టే. కూరగాయలకు మాత్రం ఈయన ప్లాస్టిక్ కవరు పట్టుకునే వెళ్తాడు.

అన్ని సంచులూ ఆయనకు ఆనవు. సైన్యం ఏ సంచినైనా వేలల్లో కుట్టించే ముందు పదో పన్నెండో నమూనాలు కుట్టించి, కొందరు సిపాయిల వీపున వేసి నడిపించి చూస్తుందట. నచ్చకపోతే అవి చెత్తలోకి పోతాయి. అలా పోకుండా తప్పించుకున్న ఒక్క సంచి దొరికినా బావకు లంకెబిందెలు దొరికినట్టే. వాటిని పోల్చుకోవడానికి కుట్టు మీద బొటనవేలు పోనిస్తాడు, బకిల్ తిరగేస్తాడు, వాసన చూస్తాడు. ఓసారి బస్సులో ముందున్న పెద్దమనిషి సంచికి ముక్కు ఆనించి, ఆయన వెనక్కి తిరిగేసరికి తుమ్మినట్టు నటించబోయి నిజంగానే తుమ్మాడు. నేను పక్కనే ఉన్నాను. ఈయనెవరో నాకు తెలియదన్నట్టు కిటికీలోంచి చూశాను.

సరే, కుళాయి. ప్లంబరు వచ్చి సింకు పక్కన సంచి దించాడు. టీ తాగుతున్న బావ దాని బకిల్ చూసి గ్లాసు వంచేసి, వేడి టీ కాలి మీద పోసుకుని కూడా కిక్కురుమనలేదు. లాగితే ఊడే బకిల్ కాదది, బొటనవేలితో నొక్కితే తెరుచుకునేది. అలాంటిది ఆయన ఓ పాత పుస్తకంలో, మసకబారిన ఫొటోలో ఒక్కసారే చూశాడు. నమూనాయే అయితే లోపల, వీపు వైపు, చేత్తో నంబరు కుట్టిన గుడ్డపేలిక ఉండాలి. అది కనబడాలంటే సంచి ఖాళీ చెయ్యాలి. బావ చెయ్యి చాచాడు.

"సార్, సంచి ముట్టుకోకండి! సింకు కింద దూరి, చూడకుండా చెయ్యి పెడితే ఏది కావాలో అదే చేతికి రావాలి నాకు. ఒక్క రెంచి జరిగిందా, నా రోజంతా పోయినట్టే."

పది నిమిషాల్లో పని ముగిసింది. సంచి భుజమెక్కి వెళ్లిపోయింది. బావకు అన్నం సయించలేదు.

నాలుగు రోజులకు కుళాయి మళ్లీ కారింది. ప్లంబరు మళ్లీ వచ్చాడు. ఆవేళ అక్క సింకు దగ్గర్నుంచి కదల్లేదు. మరో వారానికి కుళాయి ఏకంగా చిమ్మింది. ఆ పూట బావ నన్ను పిలిపించాడు.

"ఒరేయ్, నువ్వు అతన్ని బాత్రూంలో ఐదు నిమిషాలు ఆపు."

"ఏం చెప్పి ఆపను బావా?"

"గోడలో నీళ్ల చప్పుడు వస్తోందను. నీకు తోచింది చెప్పు, అబద్ధాలు కొత్తా నీకు?"

ప్లంబరు పాపం గోడకు చెవి ఆనించాడు. "ఎలాంటి చప్పుడు సార్?"

"జుయ్‌మని."

"ఇందులో గొట్టమే లేదు సార్."

రెండు నిమిషాలు కూడా ఆపలేకపోయాను. మేం వచ్చేసరికి బావ మోకాళ్ల మీదున్నాడు. తల భుజాల దాకా సంచిలో ఉంది. గుమ్మంలో అక్క.

"ఏవండీ, లోపల ఎవరైనా ఉన్నారా?"

తల బయటికొచ్చింది. నోట్లో టార్చి, కంటికి దుకాణంలోని భూతద్దం. ప్లంబరు కుళాయి విప్పి, వాషరు తీసి అరచేతిలో పెట్టి చూపించాడు.

"ఇది నేను పోయినవారం వేసిన కొత్త వాషరు. ఇంత సన్నని గాటు పెట్టే పనిముట్టు నా దగ్గర కూడా లేదు సార్."

బావ జేబులోంచి కళ్లద్దాల స్క్రూడ్రైవరు తీసి బల్ల మీద పెట్టాడు.

"చూస్తానంటే చూపించేవాణ్ణి కదా సార్!"

"అడిగితే నువ్వు ఇవ్వవేమోనని..." అని నసిగి, అతని చెయ్యి పట్టుకుని సంచుల గదిలోకి లాక్కెళ్లాడు. "ఏదైనా తీసుకో. రెండు తీసుకో. అది నాకిచ్చెయ్."

ప్లంబరు పెళ్లిచూపులకు వచ్చినవాడిలా ఒక్కొక్కటీ దించి చూశాడు. "ఈ బకిల్‌కు రెండు చేతులు కావాలి. నా రెండోది పైపు మీదుంటుంది. ఇది కింద పెడితే బోర్లా పడుతోంది. ఇది తడిస్తే మొయ్యలేం." పదిహేనూ అయ్యాక అడిగాడు. "సార్, వీటిలో ఎప్పుడైనా ఏమైనా పెట్టి మోశారా?"

"హ్యాంగర్లు మోస్తున్నాయిగా" అంది అక్క.

ప్లంబరుకు జాలేసింది. వంటగదిలోకి తిరిగొచ్చి, పాత పేపరు పరిచి తన సంచి బోర్లించాడు. అడుగున, వీపు వైపు, మాసిన పేలిక మీద ఎర్రదారంతో ఏడు. బావ అక్కడే చతికిలబడ్డాడు. కళ్లు తుడుచుకుని చూస్తే సంచికి పట్టీగా ఉన్నది కారు సీటు బెల్టు.

"దీని పట్టీ ఏదయ్యా?"

"భుజం కోసేస్తుంటే పీకేశాను సార్." చొక్కా పక్కకు లాగి పాత మచ్చ చూపించాడు. బావ దాని మీద భూతద్దం పెట్టాడు.

"ఇందుకే! ఇందుకే సైన్యం దీన్ని వద్దంది! సంచుల పిచ్చోళ్లమంతా ఏళ్ల తరబడి ఈ సంగతి తేలకే కొట్టుకు చస్తున్నాం!"

"నన్నడగాల్సింది."

ఇక ఇమ్మని అడగడానికి బావకు నోరు రాలేదు. పని చేస్తున్న సంచిని తెచ్చి ఎక్కడ తగిలిస్తాడు? "పోనీ, ఆ పట్టీ అయినా ఉందా?" అన్నాడు చిన్నగా.

"దాంతో స్కూటరుకు నిచ్చెన కడుతున్నాను. ఇస్తాను గానీ, ఊరికే కాదు." బల్ల మీది స్క్రూడ్రైవరు చూపించాడు. "అదిచ్చెయ్యండి."

"ఇచ్చెయ్యండి" అంది అక్క వెంటనే.

ఇప్పుడు పదహారో హ్యాంగరుకు ఒక్క పట్టీ వేలాడుతోంది. చుట్టాలు అదేమిటని అడిగితే బావ ముందు ఏడో నంబరు కథంతా చెప్పి, చివర్లో గొంతు తగ్గించి అంటాడు. "ఆ సంచిలో మన సామాను కూడా ఒకటుందిలెండి."