కొత్త తారు మీద పావుగంట

మా నాయనా నేనూ రోజూ ఒకే బండి మీద పనికి పోతామని నేనెప్పుడూ అనుకోలేదు. ఆయన రోడ్‌రోలరు డ్రైవరు. నా చిన్నప్పుడంతా ఏదో ఒక రోడ్డు క్యాంపులోనే ఉండేవాడు. నెలకోసారి తారు వాసనతో ఇంటికి వచ్చేవాడు. ఆయన దగ్గర నా బిడియం పోయేలోపే మళ్లీ వెళ్లిపోయేవాడు.

పోయిన చలికాలం మా ఎయిర్‌పోర్టులో పాత ట్యాక్సీవే తీసి కొత్తది వేసే పని మొదలైంది. రన్‌వే మీద దిగిన విమానం టెర్మినల్ దాకా నడిచివచ్చే దారినే ట్యాక్సీవే అంటారు. ఏళ్ల తరబడి ఎండకూ బరువుకూ అక్కడి తారు ముసలిదైపోయింది. అలాంటి తారు నుంచి ఒక్క రాయి లేచినా విమానం ఇంజను లోపలికి లాక్కుంటుంది. అందుకని దారిలో సగం మూసి, పాత పొరలు గీకేసి, కొత్తవి పరుస్తున్నారు. కాంట్రాక్టరు ల్యాబులో నాకు ఉద్యోగం దొరికింది. ల్యాబంటే ఒక రేకుల గది. అందులో ఓవెను, త్రాసు, నీళ్ల తొట్టి, తీరిక దొరికితే చదువుకోవడానికి నా సంచిలో ఒక పుస్తకం. అదే పనికి రోలరు నడపడానికి నాయన వచ్చాడు.

తిరుచానూరులో మా ఇంటి నుంచి పొద్దున్నే బయలుదేరేవాళ్లం. గేటులో పాసు చూపించి లోపలికి అడుగు పెట్టగానే ఆయన మాట మారిపోయేది.

"మేడమ్మా, టోపీ పెట్టుకోండి. ఎండ కొడతాండాది."

"ఊరుకో నాయనా. అందరూ వింటాండారు."

"విననీ. మా మేడమ్మే కదా."

తారు పరిచే పేవరు యంత్రం మీద నుంచి మేస్త్రి అడిగేవాడు: "ఏమప్పా, ఇంట్లో గూడా మేడమేనా?"

"ఇంట్లో వాళ్లమ్మ పెద్ద మేడం. ఈమె సిన్న మేడం."

మధ్యాహ్నం ఇద్దరికీ ఒకే క్యారియరు. ల్యాబు పక్క నీడలో కూర్చునేవాళ్లం. ఏం మాట్లాడాలో ఇద్దరికీ తెలిసేది కాదు. రోట్లో నూరిన చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి నాకిష్టమని తెలిసి, ఆయన తన వాటా కూడా నా వైపు తోసేవాడు. అంతే. అయినా రాత్రి డైరీ తీస్తే ఆ కాసేపటి గురించే ఎక్కువ రాసేదాన్ని.

సైటులో ఒక కట్టుబాటు ఉంది. రోలరు తొక్కిన చోట పరీక్ష తప్పితే, ఆ డ్రైవరును ఇక్కడి నుంచి తీసేసి తడ దగ్గరి హైవే క్యాంపుకు పంపేస్తారు. ఇంజనీరు సారు ఈ మాట మొదటి రోజే అందరికీ చెప్పాడు.

అడుగు పొరలన్నీ అయ్యాక, ఒక శనివారం పై పొరలో మొదటి వరుస పరిచారు. తారు చల్లారాక, తొలిచే యంత్రంతో అక్కడక్కడా గుండ్రటి ముక్కలు కోసి ల్యాబుకు తెచ్చారు. వాటిని గాలిలో ఒకసారి, నీళ్లలో ఒకసారి తూస్తే లోపల ఎంత గట్టిపడిందో తెలుస్తుంది. అన్నీ బాగున్నాయి. వరుస మొదట్లోంచి తీసిన ముక్క మాత్రం నీళ్లలో దించగానే బుడగలు వదిలింది. పక్కనే ఇంకొకటి కోయించాను. అదీ అంతే. వేడి తగ్గాక తొక్కితే తారు ఇలా గుల్లగా మిగిలిపోతుంది.

ఆ వరుస తొక్కింది నాయన.

ముక్క పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడ్డాను. చెబితే ఆయన తడకు పోతాడు. ఇన్నేళ్లకు దొరికిన ఆయన మళ్లీ నెలకోసారి మనిషి అయిపోతాడు. చెప్పకపోతే ఆ గుల్ల తారు మీదే విమానాలు తిరుగుతాయి.

అన్నం వేళకు క్యారియరు విప్పకుండా ముక్క తీసి ఆయన చేతిలో పెట్టాను.

"ఏందిది?"

"నువ్వు తొక్కిందే నాయనా. వరుస మొదట్లోది."

బొటనవేలితో అంచు రాశాడు. చిన్న రాయి ఊడి ఒళ్లో పడింది.

"వడ మాదిరి ఉండాది గదా, సిల్లులు సిల్లులుగా," అని నవ్వబోయి ఆగిపోయాడు.

"చల్లారినాక తొక్కినావా?"

ఆయన తల వంచుకున్నాడు. "రాహుకాలం పోలేదమ్మా. వాళ్లు తారు పరిసేసినారు. నేను సక్రాల కింద నిమ్మకాయలు పెట్టుకోని ఉండాను. ఇంకా పావుగంట ఉండాది. పావుగంటకు ఏమవుతాదిలే అని కూసున్నా. మేస్త్రి గూడా సరేలే అన్నాడు. సారు గేటుకాడ ఉన్నాడు."

ఆ శనివారం వీచిన చలిగాలి నాకు గుర్తుంది. పలచటి పొర చల్లారడానికి ఆ పావుగంట చాలు.

"ఎప్పుడూ ఇట్లనే చేస్తావా?"

"యాడా చేయలే. హైవేలో రాహుకాలం ఎవురు సూస్తారు? తారు లారీ వస్తే తొక్కడమే."

"మరి ఈడ ఎందుకు చేసినావు?"

ఒళ్లో పడిన రాయి తీసి పక్కన పెట్టాడు.

"దినామూ నువ్వు తిరిగే తావు గదా. మొదటి సుట్టు మంచి గడియలో వెయ్యాలనుకున్నా. అంతే."

నాకు కోపం రావాల్సింది. రాలేదు.

"చెప్పాల నాయనా," అన్నాను.

"సెప్పక? దీని మీద పోయేది ఎద్దులబండి గాదు. నేనే పోయి సెప్తాలే. నీకు నోరు లేవదు."

"వద్దు. తూచింది నేను. నేనే చెప్తా."

ఇంజనీరు సారు పేవరు దగ్గర ఉన్నాడు. చుట్టూ పనివాళ్లు. మామూలుగా అయితే అందరూ పోయేదాకా ఆగేదాన్ని. ఆ రోజు ఆగితే ఇక చెప్పలేనని తెలుసు.

"సార్, మొదటి వరుస మొదలు తప్పింది."

"ఎవరు తొక్కింది?"

"మా నాయన సార్."

మేస్త్రి మెల్లగా, "ఇంకోటి కోసి సూస్తే?" అన్నాడు.

"కోసినాం అన్నా. రెండూ ఒకటే."

మేస్త్రి నేల చూస్తూ, "తప్పులో సగం నాది సార్. రాహుకాలం పోయేదాకా ఆగుదామంటే నేనూ తలూపినా," అన్నాడు.

"అయితే నిన్నూ పంపేసి పేవరు నేనే ఎక్కాలా?" అన్నాడు సారు. తర్వాత నా వైపు తిరిగాడు. "గీకేసి మళ్లీ వేద్దాం. మీ నాయనే తొక్కుతాడు. అదయ్యాక తడ. కట్టుబాటు మార్చలేనమ్మా."

గీకేసిన చోట మళ్లీ తారు పడిన రోజు, ఉష్ణోగ్రత చూసే కడ్డీ పొగలు కక్కే తారులో గుచ్చి నిలబడ్డాను. నాయన రోలరు మీద నుంచి నా చేతినే చూస్తున్నాడు. చెయ్యి ఎత్తగానే కదిలాడు. అంత బరువైన యంత్రాన్ని, నిద్రపోయే బిడ్డ పక్కనుంచి నడిచినట్టు, ఎక్కడా కుదుపు లేకుండా నడిపాడు. ఈసారి ముక్క గట్టిగా వచ్చింది.

మరుసటి రోజే ఆయన శ్రీకాళహస్తి మీదుగా తడకు బస్సెక్కాడు.

కొన్నాళ్లకు ఆ దారి తెరిచారు. మొదటి విమానం వచ్చే వేళకు తడ నుంచి ఫోను వచ్చింది.

"వచ్చిందా?"

"దిగింది నాయనా. తిరుగుతాండాది."

"మన ముక్క మీదికి?"

"ఇప్పుడే ఎక్కింది."

విమానం దాటాక, ట్యాక్సీవే ఊడ్చే అక్కలతో కలిసి నేనూ తారు చూసుకుంటూ నడిచాను. ఫోను చెవికే ఉంది. అటు వైపు హైవే లారీల చప్పుడు.

"ఏమన్నా లేసిందా?"

"రవ్వంత కూడా లేదు."

"సరే," అన్నాడు. పెట్టేస్తాడనుకున్నాను. పెట్టలేదు. "ఇంగేం జరుగుతాండాదో సెప్పు. నాకింకా తారు లారీ రాలేదు."

నేను ల్యాబు రేకుల నీడలోకి వచ్చి, పొద్దుటి నుంచి జరిగిందంతా చెప్పడం మొదలుపెట్టాను.