పరాస్కా ఉత్తరపు గోడ

మానిటోబా మంచు మైదానాల్లోని వెర్బివ్కాలో కొత్త ఇల్లు లేస్తుంటే ఆ ఇంటి ఆడవాళ్ళు మధ్యలో నోరు పెట్టేవారు కారు. పరాస్కా మాత్రం పునాది పడిన రోజే పేచీ మొదలుపెట్టింది. వంటింటి సింకూ కుళాయీ ఉత్తరపు కిటికీ కిందే ఉండాలంది.

"ఉత్తరపు గోడలోనా? మానిటోబా చలికి గొట్టం గడ్డకట్టుకుపోతుందే," అన్నాడు ఆమె భర్త ఓనుఫ్రి.

"పోదు. నేను చూసుకుంటాను."

"ఏం చూసుకుంటావు వదినా? గొట్టానికి స్వెట్టరు అల్లి తొడుగుతావా?" గోడల చట్రం బిగిస్తున్న హావ్రిలో అనే మరిది సుత్తి ఆపి నవ్వాడు. అతను ఓనుఫ్రి తమ్ముడు. ఊళ్ళో సగం ఇళ్ళు అతని చేతి మీదుగా లేచినవే.

పరాస్కాకి ఆ కిటికీ కావాలి. వాళ్ళమ్మ బతికినన్నాళ్ళూ మట్టిగోడకేసి మొహం పెట్టుకుని, చీకటి మూలలో గిన్నెలు తోమింది. చలికాలంలో మంచు తెచ్చి పొయ్యి మీద కరిగిస్తేనే నీళ్ళు. పెళ్ళయ్యేదాకా పరాస్కా నిలబడిందీ ఆ మూలలోనే. ఇప్పుడు ఊరికి కరెంటొచ్చింది. నేలమాళిగలో పంపు పెట్టుకుంటే కుళాయి తిప్పగానే ఇంట్లోకి నీళ్ళొస్తాయి. ఆ నీళ్ళతో గిన్నెలు కడుక్కుంటూ తను రోడ్డు చూడాలి. గోధుమలు నింపుకుపోయే రైలు పెట్టెలు చూడాలి. ఎవరు ఎవరింటికి పోతున్నారో చూడాలి.

"మీరు పొలంలో నిలబడి లోకమంతా చూస్తారు. నేను మాత్రం గోడ చూస్తూ కూర్చోవాలా?" అని అడిగింది. సింకు కిటికీ కిందికే వచ్చింది.

మొదటి చలికాలంలోనే పరువు పోయింది. పండగ పొద్దున బీట్‌రూట్ చారు కాయడానికి కుళాయి తిప్పితే చుక్క రాలేదు. హావ్రిలో మంట చిమ్మే బ్లో ల్యాంపు పట్టుకుని పరుగున వచ్చి గోడ చెక్కల మీదికే మంట పెట్టాడు. చెక్క మాడి నల్లబడింది. లోపల గొట్టం అప్పటికే పగిలి ఉంది. మంచు కరగ్గానే నీళ్ళు చిమ్ముకొచ్చి వంటిల్లంతా నిండిపోయాయి. పరాస్కా చీలమండల దాకా నీళ్ళలో నిలబడి తివాచీలు ఎత్తుతుంటే, హావ్రిలో కిటికీ వైపు తల ఎగరేశాడు.

"ఏం వదినా, కిటికీలోంచి ఏం కనబడుతోంది? సముద్రమా?"

ఆ మాట ఊరంతా పాకింది. చర్చి మెట్ల మీద కూడా ఆడవాళ్ళు "సముద్రం ఎలా ఉంది పరాస్కా?" అని అడిగేవారు. ఆమె నవ్వి ఊరుకునేది. ఇంటికొచ్చాక గిన్నెలు ఎత్తెత్తి పడేసేది.

మంచు పోయాక ఓనుఫ్రి గొట్టం అతికాడు. ఈసారి దాని చుట్టూ చలి ఆపే గాజు దూది చుట్టి, గోడ లోపల గొట్టానికి ముందూ వెనకా అంగుళం ఖాళీ లేకుండా కూరాడు. అయినా మళ్ళీ చలికాలం రాగానే గొట్టం గడ్డకట్టింది. పగలకపోవడమే అదృష్టం.

"సింకు లోపలి గోడకి మార్చేద్దాం పరాస్కా. నలుగురిలో తలెత్తుకోలేకపోతున్నాను," అన్నాడతను.

"వేసవి దాకా ఆగు. అప్పటికీ నాకు దారి దొరక్కపోతే నీ ఇష్టం."

ఆ మధ్యాహ్నమే ఆమె సింకు కింద అలమర ఖాళీ చేసి, వెల్లకిలా దూరి, గోడ పలక ఊడదీసి, కొవ్వొత్తి వెలిగించింది. కిందికి పెట్టగానే మంట తన వైపు వంగింది, గోడ అవతల ఎవరో ఊదుతున్నట్టు. వేలు పెట్టి తడిమింది. పునాది రాయికీ దాని మీది దూలానికీ మధ్య సన్నని సందు ఉంది. బయటి గాలి నేరుగా వచ్చి గొట్టాన్ని కొడుతోంది.

సందు మూయడం కష్టం కాదు. కానీ అంత దూది ఉండీ గొట్టం ఎందుకు గడ్డకట్టిందో ఆమెకి అర్థం కాలేదు. వంటింటి వైపు దూది మీద చెయ్యి వేస్తే గోరువెచ్చగా ఉంది. దాని వెనక్కి చెయ్యి పోనిస్తే వేళ్ళు కొంకర్లు పోయాయి. రెండు రోజులు అదే ఆలోచన. మూడో రోజు పక్క దులుపుతూ ఠక్కున ఆగిపోయింది. వాళ్ళ మంచం బయటి గోడకి ఆనుకుని ఉంటుంది. గోడకీ మంచానికీ మధ్య అందరిళ్ళలో లాగే ఉన్ని తివాచీ వేలాడుతోంది. ఇవతల పొయ్యి.

ఆమె పశువుల కొట్టంలోకి వెళ్ళి మొగుణ్ణి నిలదీసింది.

"నిన్ను చలిగోడకి ఆనించి పడుకోబెట్టి, నీకూ పొయ్యికీ మధ్య తివాచీ కడితే ఏమవుతావు?"

"బిగుసుకుపోతాను. నేనేం చేశానే?"

"మనం గొట్టానికి అదే చేశాం. దూది దాని వెనక ఉండాలి. ముందు కాదు."

ఓనుఫ్రి చేతిలోని పాల బకెట్టు కింద పెట్టాడు. "నిజమేనే," అన్నాడు మెల్లగా.

విత్తనాలు పడ్డాక ఇద్దరూ గోడ విప్పారు. పరాస్కా దూలం కింద సందులన్నీ నారతో, పుట్టీతో మూసింది. ఓనుఫ్రి గొట్టాన్ని వీలైనంత వంటింటి వైపు లాగి అతికాడు. దూదంతా గొట్టం వెనక, బయటి చెక్క వైపు పెట్టారు. ముందు పలచటి పలక ఒక్కటే. వంటింటి వేడి లోపలికి పోవాలని అలమర తలుపులకి రంధ్రాలు చెయ్యమంది ఆమె. ఓనుఫ్రి ఊరికే రంధ్రాలు చెయ్యలేదు. ఎవరూ అడక్కపోయినా కూర్చుని వాటిని పువ్వుల్లా చెక్కాడు.

"గొట్టానికి పట్టెమంచం వేస్తున్నారా?" అని హావ్రిలో నవ్వి పోయాడు.

ఆ ఏడు చలి మామూలు చలి కాదు. చెట్లు తుపాకీ పేలినట్టు చిట్లాయి. ఉమ్మితే నేలకి చేరేలోపే గడ్డకట్టేది. అన్నిటికన్నా ఘోరమైన రోజు పొద్దున పరాస్కా కుళాయి మీద చెయ్యి వేసి నిలబడింది. ఓనుఫ్రి బూటు తాడు కట్టుకుంటున్నట్టు నటిస్తూ ఓరగా చూస్తున్నాడు. ఆమె తిప్పింది. కుళాయి ఒకసారి దగ్గింది. ఆ వెంటనే నీళ్ళు ధారగా పడ్డాయి. పొద్దున్నే టీ తప్ప మరొకటి ముట్టని ఓనుఫ్రి లేచొచ్చి గ్లాసు నిండా ఆ చన్నీళ్ళు పట్టుకుని గటగటా తాగేశాడు.

ఇంకా టీ పూర్తికాకముందే హావ్రిలో భార్య రొప్పుతూ వచ్చింది. కిందటి ఏడే వాళ్ళు మేడ మీద స్నానాలగది కట్టుకున్నారు.

"అక్కా, మేడ మీద గొట్టం గడ్డకట్టింది. నువ్వొకసారి రావాలి."

"మీ ఆయనేం చేస్తున్నాడు?"

"బ్లో ల్యాంపు వెలిగిస్తున్నాడు."

"ముందు అది ఆర్పమను. ఆనక తననే వచ్చి పిలవమను."

"ఆయన రాడక్కా. నీకు తెలుసుగా."

"రాకపోతే ఈత నేర్చుకోమను."

హావ్రిలో వచ్చాడు. కనురెప్పలకి మంచు పట్టి ఉంది. నేరుగా సింకు దగ్గరికి పోయి కుళాయి తిప్పాడు. నీళ్ళు చూశాడు. కట్టేశాడు.

"వదినా," అన్నాడు.

"చెప్పు."

"గొట్టం గడ్డకట్టింది."

"ఏ గోడలోది?"

"పడమటి గోడ."

"బయటి గోడలో ఎవరన్నా గొట్టం పెడతారా మరిదీ?"

ఓనుఫ్రి బల్ల మీద తల ఆనించి పగలబడి నవ్వాడు. హావ్రిలో ఆపుకోవాలని చూశాడు గానీ అతని వల్లా కాలేదు. పరాస్కా అప్పటికే కోటు తొడుక్కుంటోంది.

వాళ్ళింట్లో ముందు కుళాయి తెరిచి ఉంచమంది, కరిగిన నీళ్ళకి దారి ఉండాలి కదా. పలక ఊడదీయించి, వేడినీళ్ళలో ముంచిన తువ్వాళ్ళు కుళాయి వైపు నుంచి మొదలుపెట్టి కిందికి చుట్టుకుంటూ పోయింది. హావ్రిలో కెటిళ్ళు మోస్తూ మెట్లెక్కుతూ దిగుతూనే ఉన్నాడు. మధ్యాహ్నం భోజనాల వేళకి నీళ్ళొచ్చాయి. గొట్టం పగల్లేదు.

ఆ ఆదివారం చర్చి హాల్లో అందరూ తింటుండగా హావ్రిలో లేచి నిలబడ్డాడు.

"సముద్రం ఎండిపోయిందండీ. ఇకమీదట ఎవరింట్లో గొట్టం గడ్డకట్టినా మా వదినని అడగండి. టోపీ తీసి మరీ అడగండి."

అడిగారు. ఏటా బంగాళాదుంపలు తవ్వడం అయిపోగానే పరాస్కా కొవ్వొత్తి పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేది. సందు కనబడితే ఇంటాయన ఎదురుగానే తిట్టేది. హావ్రిలో కట్టిన ఇళ్ళలో రెండు తిట్లు ఎక్కువ తిట్టేది. మోకాళ్ళు మొరాయించాక కుర్చీ వేయించుకుని కూర్చుని, సింకు కింద దూరిన పిల్లల చేత చేయించేది. "దూది వెనక్కే, వెనక్కి! దానికి ఊపిరాడనియ్యి!" అని ఆమె అరుస్తుంటే వీధిలోకి వినబడేది.

చర్చి హాలుకి కొత్త వంటిల్లు కట్టినప్పుడు గోడ పనంతా లేసియా అనే ఊరి కోడలిపిల్ల చేసింది. పరాస్కాకి అప్పటికి డెబ్బై దాటాయి. ఆ శీతాకాలంలో ఒక పెళ్ళి రోజున చలికి స్కూళ్ళన్నీ మూసేశారు, కార్లు కదల్లేదు. హాల్లో మాత్రం కుళాయి ఆగకుండా పారుతూనే ఉంది. విన్నిపెగ్ నుంచి వచ్చిన వంటామె ఒకావిడ పెద్ద డేగిసా నింపుతూ ఆశ్చర్యపోయింది.

"బయటి గోడలో గొట్టం, ఈ చలిలో ఇంత ధారా! ఈ గోడ ఎవరు కట్టారమ్మా?"

పరాస్కా కుర్చీలో నిటారుగా కూర్చుని, పిండి ఒత్తుతున్న లేసియా వైపు చేత్తో చూపించింది.

"కట్టింది అది. నేర్పింది నేను."