అరిజోనాలో లండన్ బ్రిడ్జి

ఎనభైల మొదట్లో అమెరికా వెళ్లినప్పుడు అరిజోనా ఎడారిలో లండన్ బ్రిడ్జి చూశాను. థేమ్స్ నది మీది పాత వంతెన రాళ్లు విప్పి, ఒక్కోదానికీ నంబరు వేసి, ఓడలో తెచ్చి అక్కడ మళ్లీ నిలబెట్టారు.

గోదావరి మీద వంతెనలు కట్టిన ఇంజనీరుని కదా, నా చూపంతా నీళ్లలోని స్తంభాల మీదే ఉంది. పక్కన గాలం వేసుకుని కూర్చున్న ముసలాయనను, "ఇన్ని నీళ్లలో పునాదులు ఎలా వేశారండీ?" అని అడిగాను.

"అప్పుడు నీళ్లెక్కడివి? పొడి నేల మీద బ్రిడ్జి కట్టేసి, తర్వాత దాని కింద కాలువ తవ్వాం."

ఆటపట్టిస్తున్నాడనుకున్నాను. ఒళ్లు మండింది. "ముప్ఫై ఏళ్ల సర్వీసు నాది. ఇలాంటిది ఎక్కడా వినలేదు!"

"తవ్విన మెషీన్లలో ఒకటి నడిపింది నేనే" అంటూ పర్సులోంచి ఫొటో తీశాడు. చుక్క నీరు లేని ఇసుకలో వంతెన ఠీవిగా నిలబడి ఉంది. దాని ముందు హెల్మెట్‌తో ఆయన.

ఫొటోను రెండుసార్లు తిప్పి చూసి ఆయనకే ఇచ్చేశాను.

"మరి మీ దేశంలో ఎలా కడతారు?" అన్నాడు.

"నది ముందే ఉంటుంది. వరద తగ్గేదాకా ఆగి, నీళ్లలో దిగి కడతాం."

ఆయన జాలిగా నా భుజం తట్టాడు.

"పాపం! ఇన్నేళ్లూ మీకెవరూ చెప్పలేదా?"