మేస్త్రీ మూడు టమోటాలు

మదనపల్లె మార్కెట్‌లో హమాలీల మేస్త్రీకి ఒక అలవాటుండేది. ఏం చెప్పాలన్నా ముందు చేతిలోకి టమోటా రావాల్సిందే. ఒకరోజు పుంగనూరు నుంచి మా నాయన తెచ్చిన టమోటాల సరుకు పక్కన కూర్చుని, పరీక్షకు సోషలిజం శాఖలు బట్టీ పడుతున్నా. నేను పైకి చదివేది విని, మేస్త్రీ వచ్చి నా ముందు మూడు కాయలు పెట్టాడు.

"సూడమ్మా. ఈ పచ్చిది, మంచి మాటలతోనే లోకం మారతాదని కలలు కంటాది. ఈ దోరకాయ, ఓట్లతో నిదానంగా మారుస్తానంటాది. ఈ ఎర్రపండు విప్లవం. ఇప్పుడే కావాలంటాది."

"ఏది మేలు మేస్త్రీ?"

"దోరకాయే. లారీలో ఢిల్లీ దాకా చెడకుండా పోతాది. పండయితే దారిలోనే పగిలిపోతాది."

"అయితే నువ్వు దోరకాయ పక్షమా?"

ఆయన పకపకా నవ్వాడు. పండును చేత్తోనే చీల్చి, ఉప్పద్ది, చుట్టూ ఉన్న హమాలీలకు పంచి, నాకూ ఒక ముక్క పెట్టాడు.

"ఢిల్లీకి పోయింది ఎవురు తింటారో ఏమో. ఆకలి ఈడ ఉండాది గదమ్మా!"